చేతి సబ్బు అమ్మకము - తెలియక అడుగువారు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు సబ్బును గూర్చి ఉపన్యాసమేమని కొందరికి నవ్వు రావచ్చును. కవులను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట ఇట్టి సభలకు పరిపాటి. అయినను 1914 ఏప్రిల్ నెలలో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండియు గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదనియు, ఊరివారి బ్రదుకునకు అక్కరకు వచ్చు తెలివి ఎక్కడ దొరకునో అదియే గ్రంథాలయమనియు పెద్దలు తలచుచు వచ్చిరి. సబ్బు చేయుట పుస్తకము చూచి నేర్చుకొనవచ్చును. నూనె ఎంత, క్షారమెంత, నీరెంత అను పట్టికలు అచ్చయి యున్నవి. చేసిన సబ్బును గంపలో పెట్టుకొని కూర్చున్న పిమ్మట, దానిని గూర్చి ఏమియు తెలియనివారు వచ్చి అడుగు ప్రశ్నలకు ఏమి బదులు చెప్పవలెనో మాత్రము ఆ పట్టికలలో లేదు. సబ్బు చక్కగా కుదిరియు మాట కుదరక వ్యాపారము మానుకొన్నవారు కలరు.

నెల్లూరు తీరమున ఈ పనికి వలయు సామగ్రి చాలవరకు చేతికందు దూరముననే యున్నది. కొబ్బరి చెట్లున్నవి. వేప లేని ఊరు లేదు. కానుగ, పొన్న గింజలనుండియు నూనె వచ్చును. కలబంద ఇసుక నేలలో సైతము బ్రదుకును. మైపాడు తీరమునకు సెలవు దినములందు పట్టణమునుండి జనము వత్తురు గనుక కొనువారికిని కొదవలేదు. ఇక చేయువారందురా, ఈ జిల్లా స్త్రీలకు సంఘముగా కూడుట కొత్త గాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాను ఊరినుండి తరిమిన పిదప, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. దినమునకొక రూపాయి చొప్పున దాచు పొదుపులక్ష్మి సంఘములు ఆ ఉద్యమపు వేడిలోనే ఈ జిల్లాయందు మొలకెత్తినవి. పొదుపు సంఘముల స్త్రీలు ఊరగాయలు, అప్పడములు, సబ్బులు చేసి అమ్ముట నేడు అంతటను కానవచ్చుచున్నది.

ఇందలి కష్టము ఒకటి గమనింపవలెను. సంఘమునుండి అప్పు తెచ్చి పది కిలోల నూనె కొన్న ఇల్లాలి సొమ్ము, సబ్బు ఆరువరకు, అనగా నాలుగు మొదలు ఆరు వారములపాటు, అరలమీద కదలక కూర్చుండును. వాయిదా మాత్రము నెల తిరుగగనే వచ్చును. ఇట్టి స్థితిలో కొనువాడు ఒక తెలియని ప్రశ్న వేసినప్పుడు, అతనికి నచ్చెడి అబద్ధమొకటి చెప్పి బిళ్ళ చేతిలో పెట్టవలెనను ఆశ పుట్టుట సహజము. ఈ ఉపన్యాసము ఆ అబద్ధమును గూర్చియే.

తెలియని కొనుగోలుదారుని చూచి నవ్వుట తగదు. ఒక కాలమున ఈ దేశమున అందరును తెలియనివారే. బట్టలకు చవుడు, తలకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి నలుగుపిండి, ఇవియే తరతరములుగా వాడుక. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవున దిగినవి. కొత్త వస్తువును జనమునకు అలవాటు చేయుటకు ఆ కంపెనీ బొమ్మలకును, ప్రకటనలకును వెచ్చించిన ధనమింతయని చెప్పనలవి గాదు. చేతిపనివారికి అంత ధనము లేదు. నోటి మాటయే వారి ప్రకటన. 1921 ఏప్రిల్ 7వ తేదీన పెన్నయొడ్డున పల్లెపాడులో గాంధీమహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఆ దినములలో ఖద్దరు మూటను భుజముపై మోసి ఇంటింటికి తిరిగినవారిని జనము అడిగినది నేడు సబ్బు గంపవద్ద అడుగునదే: ఇంత ముతకగా నున్నదేల? ఇంత ప్రియమేల? మిల్లు గుడ్డ దీనికన్న నునుపు గదా? వారు విసుగక బదులు చెప్పిరి. 1934లో వార్ధాయందు వెలసిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘమును నడపిన కుమారప్పగారును, 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ కమిషనువారును గ్రామములందే వస్తువులు తయారు కావలెనని పాటుపడిరి. తినుటకు పనికిరాని వేపనూనె వంటివానితో సబ్బు చేయుట ఆ కమిషను ప్రోత్సహించిన పరిశ్రమలలో నొకటి. వేపనూనె సబ్బు చేదు వాసనను జనము ఓర్చుకొనునట్లు చేయుటలోనే ఎందరి శ్రమయో ఖర్చయినది!

ఇక ప్రశ్నలలో మొట్టమొదటిదియు, ఈ తీరమునకు ప్రత్యేకమైనదియు నగు ప్రశ్నకు వత్తము.

ఒక ముసలామె వచ్చి బిళ్ళను తిరిగి ఇచ్చుచు అనును: "ఏమ్మే, నీకాడ కొన్న సబ్బు నురగే రాలా. రాయితో రుద్దుకున్నట్టుండాది."

అమ్మునామె చెప్పు సామాన్యమైన బదులు: "మంచి సబ్బుకి నురగ రాదు పెద్దమ్మా. నురగంతా మందుల వల్లే." ఈ మాట పలువురి నోట వినబడుచున్నది. ఇది నిజము గాదు. మంచి సబ్బుకు మంచి నీటిలో మంచి నురగ వచ్చును. లోపము సబ్బులో నైన నుండవలెను, నీటిలో నైన నుండవలెను. ముసలామె ఇంటి నీరెట్టిదో అడుగక బదులు చెప్పుట, నాడి చూడక మందిచ్చుట వంటిది.

సముద్రమునకు దగ్గరి బావులలోను, బోర్లలోను నీరు పలుచోట్ల ఉప్పన. ఆ నీటియందు సున్నపు లవణములు, మెగ్నీషియము లవణములు కరగి యుండును. సబ్బు నీటిలో పడగనే ఈ లవణములు దానిని పట్టుకొని తెల్లని తెట్టుగా మార్చివేయును. బకెట్టు అంచున జిగటగా అంటుకొనునది ఆ తెట్టే. నీటిలోని లవణములకు సరిపడునంత సబ్బు ఈ విధముగా వ్యర్థమైన పిమ్మటనే, మిగిలిన సబ్బు నురగ ఇచ్చును. వంటయుప్పు ఎక్కువగానున్న నీరు వేరొక కీడు కూడ చేయును. ఉప్పు నీటిలో చాలరకముల సబ్బు సరిగా కరుగనే కరుగదు. కార్తీకపు వానలలో చూరునుండి పట్టిన నీటితో స్నానము చేసినప్పుడు అదే సబ్బు పొంగిపొరలుటయు, వేసవిలో బావినీటితో రాయివలె నుండుటయు ఇందువలననే. అయితే అన్ని నూనెల సబ్బులు ఒక తీరుగా ఉండవు. కొబ్బరినూనె సబ్బు ఉప్పునీటిలో సైతము కరగి నురగ ఇచ్చును. ఓడలలో పనిచేయు నావికులకై సముద్రపు నీటిలో వాడుటకు చేయు సబ్బు కొబ్బరినూనెతో చేయుట ఈ కారణముననే.

కావున ఈ తీరమున అమ్మదలచినవారు తీరపు నీటికి తగిన సబ్బును చేయవలెను. ఎక్కడనో కొండప్రాంతపు మెత్తని నీటిని మనసులో పెట్టుకొని వ్రాసిన పాళ్ళను చూచి, ఖరీదైన నూనెలతో సబ్బు చేసి, నురగ రాలేదన్న ముసలామెను తెలియనిదందురా? ఆమెకు రసాయన శాస్త్రము తెలియకపోవచ్చును, తన బావి సంగతి తెలియును. కొబ్బరినూనె పాలు హెచ్చించినచో నురగ హెచ్చును. మరీ హెచ్చించినచో ఒళ్ళు పొడిబారును గనుక కొంత నూనెను క్షారమునకు చిక్కకుండ మిగుల్చుట పనివారి ఉపాయము. నూటికి అయిదు పాళ్ళు మిగుల్చుట సర్వసాధారణము.

చూపుట చెప్పుటకన్న మేలు. రెండు గాజుసీసాలు దగ్గర నుంచుకొని, ఒకదానిలో వాననీరో, త్రాగుటకు కొన్న క్యాను నీరో పోసి, రెండవదానిలో అడిగినవారి ఇంటి నీరే పోయించి, రెంటిలోను ఒకే బిళ్ళనుండి గీకిన పొడి ఒక్కొక్క చిటికెడు వేసి కుదిపి చూపినచో, అరగంట వాదమునకు తెగనిది అరనిమిషములో తెగును. అప్పుడు ముసలామెయే చెప్పును: "మా బాయి నీళ్ళదా తప్పు! అయితే ఈ నీళ్ళకి ఏది పనికొస్తాదో అది చెప్పు." సబ్బు అమ్మవలసిన క్షణమదియే.

రెండవ ప్రశ్న చదువుకొన్నవారు అడుగునది. "ఇందులో కెమికల్స్ ఏమీ లేవు కదండీ?" అందురు. లేవని చెప్పినచో సంతోషింతురు. కాస్టిక్ సోడా ఉన్నదా అని సూటిగా అడిగినవారికి "అబ్బే, మాది ప్రకృతిసిద్ధమైన సబ్బు" అని చెప్పువారును కలరు. ఇది పెద్ద అబద్ధము. క్షారము లేక సబ్బు లేదు. సున్నిపిండి ఉండవచ్చును, కుంకుడు రసముండవచ్చును, సబ్బు మాత్రముండదు. కిలో కొబ్బరినూనెను సబ్బుగా మార్చుటకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా వలయును. వేరుసెనగ నూనెకు సుమారు 136 గ్రాములు చాలును. కరగించి అచ్చులలో పోయుటకై బజారులో దొరకు సిద్ధపు సబ్బు దిమ్మలను కొని వాడువారు తాము క్షారమును ముట్టలేదని చెప్పుకొనవచ్చును గాని, ఆ దిమ్మను చేసినవారు ముట్టియే యుందురు.

నిజము చెప్పినచో కొనువారు బెదరి పోవుదురను భయము అమ్మువారికి కలదు. ఎట్లు చెప్పవలెనో తెలియకున్న బెదరుదురు. పాలలో తోడు వేసి పెరుగు చేయుట ఎరుగని ఇల్లాలు లేదు. తెల్లవారిన పిమ్మట ఆ గిన్నెలో పాలెక్కడ? నూనెయు క్షారమును కలిసినప్పుడు అట్లే రెండును రూపు మాసి సబ్బు, గ్లిజరిను అను రెండు కొత్త పదార్థములగును. పాళ్ళు సరిగా తూచి, నూనె కొంచెము మిగులునట్లు చేసిన సబ్బులో విడి క్షారము మిగులదు. ఈ మార్పు చాలవరకు ఒకటి రెండు దినములలోనే ముగియును. తక్కిన వారములు నీరారి బిళ్ళ గట్టిపడుటకు. సోపమానముగా ఇంత చెప్పి, రంగు కాగితముతో పరీక్షించి చూపినచో చదువుకొన్నవారు ఒప్పుకొందురు. సబ్బు స్వభావముచేతనే కొంచెము క్షారగుణము గలది. ఆ కాగితముపై 9 మొదలు 10 వరకు చూపుట లోపము గాదు. ఈ సంగతి ముందే చెప్పకున్న, 7 రాలేదేమని వారు మరల అడుగుదురు.

తూకమునకు త్రాసు లేనివారు, గరిటె కొలతతో క్షారము పోయువారు ఈ వ్యాపారమునకు దిగకుండుటయే మేలు. నిజము చెప్పు అమ్మకందారు ఇంకొక ఉపకారము కూడ చేయును. "మేమూ ఇంట్లో చేసుకుంటాం, ఎట్లాగో చెప్పు" అని ఉత్సాహపడు ఇరుగుపొరుగువారికి ఈ సోడా సత్తుగిన్నెను తినివేయుననియు, నీటిలోనికి సోడాను కొద్దికొద్దిగా వేయవలెనేగాని సోడామీద నీరు పోయరాదనియు, పసిపిల్లలున్న చోట దానిని తెరచి ఉంచరాదనియు హెచ్చరించును. క్షారమే లేదని చెప్పిన నోటితో ఈ హెచ్చరిక ఎట్లు చేయగలదు?

జంతువుల క్రొవ్వు కలదా అని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న, పాత ప్రశ్న కూడ. 1918 ప్రాంతముననే బొంబాయిలో గోద్రెజ్‌వారు క్రొవ్వు లేని సబ్బును చేసి ఆ మాటనే ముందుకు పెట్టి అమ్మిరి. ఏ గానుగలో ఏ నూనె ఆడించినదియు చెప్పినచో చాలును.

ఇక అన్నిటికన్న చిక్కు ప్రశ్న. "ఇది రుద్దితే మా అమ్మాయి తెల్లబడుతుందా?" అని తల్లి అడుగును. పెండ్లిచూపుల తొందర ఆ తల్లిది. కుంకుమపువ్వు పేరు చెప్పియో, పాలపేరు చెప్పియో అవునన్నచో నాలుగు బిళ్ళలు ఒక్కసారిగా అమ్ముడగును. సబ్బు పని మురికిని, జిడ్డును కడిగివేయుట. చర్మపు వన్నె మార్చుట దానిచేత గాదు. రెండు నిమిషములుండి కడుగబడిపోవు వస్తువు వన్నె మార్చునా అని ఆ తల్లినే అడిగినచో ఆలోచించును. నాలుగు బిళ్ళలకు బదులు ఒకటి కొనవచ్చును, కొనకయు పోవచ్చును. పిల్ల నలుపేమి లోపమని కూడ ఒక మాట అనదగును, అది సబ్బు గంపకు మించిన సంగతియే అయినను.

తామర, గజ్జి, బొల్లి పోవునా అని అడుగువారును ఇట్టివారే. వేప పేరు వినగానే రోగములన్నియు పారిపోవునను నమ్మకము ఈ దేశమున పాతుకొని యున్నది. అమ్మకందారు దానిని పెంచరాదు. బొల్లి, కుష్ఠు మొదలగు వ్యాధులను మాన్పుదుమని ప్రకటించుట 1954 నాటి చట్టముచేతనే నిషేధింపబడినది. చట్టము మాట అటుంచి, గజ్జి ఇంటిల్లిపాదికి ఒకేసారి వైద్యము జరుగవలసిన రోగము. సబ్బును నమ్మి నెల దినములు గడపినచో పసిబిడ్డల ఒళ్ళంతయు పుండ్లగును. "ఇది కడుక్కునే సబ్బమ్మా, మందు కాదు. ఆస్పత్రిలో చూపించండి" అను మాట అమ్మకమునకు అడ్డమని తలపరాదు, మాట నిజమని తెలిసినవారు తక్కిన అవసరములకు అక్కడికే వత్తురు. స్నానపు సబ్బు చేసి అమ్ముటకు 2020 నాటి సౌందర్య సాధనముల నియమావళి క్రింద అనుమతి వలయునను సంగతియు సంఘములవారు తెలిసికొని ఉండవలెను. పొట్లముపై తూకము, వెల, చేసిన నెల అచ్చువేయుటయు విధియే.

తూకమని అంటిమి గనుక, బిళ్ళ ఆరుకొలది బరువు తగ్గును. పచ్చిగా నున్నప్పుడు తూచి నూరు గ్రాములని వ్రాసినచో, కొనువాడు అంగడి త్రాసులో వేసి చూచి మోసమనును. అతనికి ఆరుట సంగతి తెలియదు, నిజమే. అయినను అతని మాటయే న్యాయము. ఆరిన పిదప తూచి వ్రాయవలెను.

ధర విషయమున బేరము తప్పదు. "అంగట్లో ముప్పై రూపాయలకి వస్తుంటే నీది అరవయ్యా?" అను ప్రశ్నకు అంగడి సబ్బులను తిట్టుట బదులు గాదు. నూనె వెల, ఆరు వారముల కాలము, చేతి కూలి లెక్క చెప్పవలెను. ఇటీవల కొందరు పొట్లము తిరుగవేసి టి.ఎఫ్.ఎమ్. ఎంతయని అడుగుచున్నారు. అనగా నూటికి ఎన్ని పాళ్ళు క్రొవ్వు పదార్థమని. భారతీయ ప్రమాణముల ప్రకారము స్నానపు సబ్బులలో మొదటి తరగతికి కనీసము 76, రెండవదానికి 70, మూడవదానికి 60 ఉండవలెను. స్నానపు బిళ్ళ అని వేరు పేరుతో అమ్మబడువానికి 40 ఉన్నను చాలును. వానిలో సబ్బు కాని నురగ పదార్థములును కలుపవచ్చును. చేతి సబ్బులో గ్లిజరినును, కొంత నీరును లోపలనే నిలిచిపోవును గనుక ఆ అంకె మొదటి తరగతిని అందుకొనకపోవచ్చును. అంకె తెలియకున్న పరీక్ష చేయించవలెనేగాని నోటికి వచ్చినది చెప్పరాదు. గ్లిజరిను నిలిచియుండుట చేతి సబ్బు గుణమని చెప్పుకొనుటకు హక్కు కలదు. పెద్ద కార్ఖానాలలో సాధారణముగా దానిని వేరుచేసి అమ్ముకొందురు.

ఆ గ్లిజరినే వానకాలమున ఈ తీరమందు ఒక వింత చేయును. సముద్రపు గాలిలోని తేమను అది పీల్చుకొనుటచేత బిళ్ళమీద చెమటబొట్లవలె నీరు నిలుచును. కొనినవారు "సబ్బు కుళ్ళింది" అని పట్టుకొని వత్తురు. తుడిచి వాడుకొనవచ్చును, చెడలేదు. కాని ఆరంజి రంగు మచ్చలు వేసి, కారిన నూనె కంపు కొట్టుచున్నచో అది నిజముగనే చెడినది; మాటలాడక మార్చి ఇయ్యవలెను. ఈ రెంటికి భేదము అమ్మునామెకే తెలియకున్న కొనువారినేమనవలెను? నీరు నిలిచిన డబ్బాలో వేసి కరగిపోయినదని వచ్చువారు వేరు. వారికి బిళ్ళతోబాటు కొబ్బరిపీచు చుట్ట ఒకటి ఊరక ఇచ్చి, దానిమీద పెట్టి ఆరనిండని చెప్పినచో మరల రారు, అనగా ఫిర్యాదుతో రారు.

సగము వాడిన బిళ్ళను తిరిగి తెచ్చువారి సంగతి అందరును అడుగుదురు. పుచ్చుకొనుటయే మేలు. ఆ సగమును తురిమి బట్టల సబ్బుగా ఇంట వాడుకొనవచ్చును; నష్టము పది పదిహేను రూపాయలు. తిరిగి ఇచ్చుటకు కారణమడిగి వ్రాసికొనుట మాత్రము మరువరాదు.

ఈ గ్రంథాలయపు బల్లమీద అట్టి నోటుపుస్తకమొకటి ఉంచవచ్చును. సబ్బు చేయు సంఘములవారు తమకు ఎదురైన ప్రశ్నలను, చెప్పిన బదుళ్ళను అందు వ్రాయుదురు. తప్పు బదులున్నచో చదువుకొన్న పిల్లలు శాస్త్ర గ్రంథములు చూచి దిద్దుదురు. మొదటి పుటలో ఊరి బావులు, బోర్లు వీధుల వారీగా వ్రాసి, ఏ నీటికి కొబ్బరినూనె ఎన్ని పాళ్ళు కుదిరినదో ఎదురుగా వ్రాసినచో, రాబోవు వేసవికి అది పనికివచ్చును.